మూడు స్క్రూలా, ప్లేటా? దవడ సర్జరీలో ఫిక్సేషన్ బలం లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ చెల్లెలికి 23 ఏళ్ళు, కింది దవడ చిన్నది, 8 మి.మీ. ముందుకు తేవాలి. కోసిన ఎముక ముక్కల్ని కదలకుండా బిగించడానికి, అంటే ఫిక్సేషన్‌కి, ఒక సర్జన్ రెండు పక్కలా మూడేసి పొడవాటి స్క్రూలు వేస్తానన్నారు. ఇంకొకరు పక్కకి ఒక ప్లేటు, నాలుగు చిన్న స్క్రూలు చాలన్నారు. మీరు మెకానికల్ ఇంజనీరు కాబట్టి పేపర్లు తిరగేశారు. ల్యాబ్ పరీక్షల్లో మూడు స్క్రూలే ఎక్కువ లోడు తట్టుకున్నాయని కనిపించింది. మరి రెండో డాక్టరు తక్కువ బలమున్న పద్ధతి ఎందుకు చెప్తున్నారు, నమలడం మొదలుపెట్టగానే ఊడిపోతే ఎలా, తర్వాత ఆ లోహం తీయించుకోవాలా అన్నవి మీ సందేహాలు.

నేను ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌ని, రెండు పద్ధతులూ చేస్తాను. మీ చెల్లెలి ఎక్స్‌రేలు, స్కాన్ చూడకుండా ఆమెకి ఏది వేయాలో నేను చెప్పకూడదు. కానీ మీరు చదివిన పేపర్లలోని బలం లెక్కని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పగలను.

ముందు సూటిగా ఒక మాట. ల్యాబ్ ఫలితం నిజమే. మూడు స్క్రూలు సరిగ్గా వేస్తే ఒక్క ప్లేటు కన్నా స్టిఫ్‌గా ఉంటాయి. అయితే ఈ ఆపరేషన్ తర్వాత దవడ వెనక్కి జారిన వాళ్ళలో స్క్రూ విరిగో ప్లేటు విరిగో జారినవాళ్ళు చాలా అరుదు. జారడానికి అసలు కారణాలు ఎక్కువగా వేరే చోట ఉంటాయి. మీ టెన్షన్ అటు మళ్ళించాలనే ఇంత రాస్తున్నాను.

ఎముకని ఎలా కోస్తారో తెలిస్తే మిగతాది మీకు తేలిగ్గా అందుతుంది. దీన్ని సాజిటల్ స్ప్లిట్ అంటారు. 1950లలో ట్రౌనర్, ఒబ్వెగెసర్ అనే సర్జన్లు మొదలుపెట్టారు, 1961లో డాల్ పాంట్ బయటివైపు కోతని ముందుకి, దవడ పళ్ళ దగ్గరికి జరిపాడు. ఇప్పుడు చేసేది దానికి మరికొన్ని మార్పులు చేసిన రూపం. దవడ వెనక భాగాన్ని అడ్డంగా కోసి విడదీయరు. మందంలో నిలువుగా చీలుస్తారు, బయటి గట్టి పొర ఒక ముక్కలో, లోపలి గట్టి పొర ఇంకో ముక్కలో ఉండేట్టు. పళ్ళున్న ముందు ముక్క ముందుకి జరుగుతుంది. చెవి ముందున్న కీలులో కూర్చునే గుండ్రటి తల, అంటే కాండైల్, వెనక ముక్కతో పాటే ఉండిపోతుంది. జరిపాక కూడా రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి వెడల్పుగా ఆనుకునే ఉంటాయి. ఈ ఆపరేషన్ ఇన్నేళ్ళు నిలబడింది ఆ ఆనుకునే వైశాల్యం వల్లే.

మొదట్లో ఆ ముక్కల్ని తీగతో కట్టి, పై పళ్ళకీ కింది పళ్ళకీ కూడా తీగలు బిగించి ఆరు వారాల పాటో ఇంకా ఎక్కువో నోరు మూసేసేవాళ్ళు. 1974లో స్పీసెల్ స్క్రూలతో బిగించడం ప్రచురించాక ఆ బాధ తగ్గుతూ వచ్చింది. ఆయన వాడినవి లాగ్ స్క్రూలు. మీకు తెలిసే ఉంటుంది, బయటి పొరలో రంధ్రం స్క్రూ మరల వ్యాసమంత పెద్దగా తీస్తే మరలు అక్కడ పట్టవు, లోపలి పొరలోనే పట్టి రెంటినీ దగ్గరికి లాగుతాయి. యంత్రాల్లో ఇది మంచి పద్ధతే. దవడలో మాత్రం ఆ రెండు పొరల మధ్యే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం పోతుంది. గట్టిగా బిగిస్తే నరం నలుగుతుంది. పైగా ఎముక ముఖాలు ఎక్కడా సమానంగా ఉండవు, బలవంతంగా కలిపితే వెనక ముక్క మెలి తిరిగి కాండైల్ తన గుంటలో వంకరగా కూర్చుంటుంది. అందుకే తర్వాత తర్వాత రెండు పొరల్లోనూ మరలు పట్టే పొజిషన్ స్క్రూలు వచ్చాయి. ఇవి ముక్కల మధ్య ఉన్న సందుని ఉన్నంతలో అలాగే పట్టి ఉంచుతాయి తప్ప నొక్కవు. మొదటి డాక్టరు చెప్పిన మూడు స్క్రూలు ఇవే అయ్యుంటాయి. సాధారణంగా 2 మి.మీ. వ్యాసం, 12 నుంచి 16 మి.మీ. ప్రాంతంలో పొడవు.

ప్లేటు పద్ధతి ఇంకో దారిలో వచ్చింది. విరిగిన దవడలకి చిన్న ప్లేట్లు, ఒక్క పొరలోనే పట్టే పొట్టి స్క్రూలు చాలని ఫ్రాన్స్‌లో 1970లలో మిషెలె, తర్వాత స్ట్రాస్‌బర్గ్‌లో షాంపీ చూపించారు. కింది దవడ ఒక కాంటిలీవర్ లాంటిదని, అంటే ఒక చివరే బిగించిన దూలం లాంటిదని మీరు గమనించే ఉంటారు. ముందు పళ్ళతో కొరికితే కోత దగ్గర పై అంచు తెరుచుకోవాలని చూస్తుంది, కింది అంచు నొక్కుకుంటుంది. తెరుచుకునే వైపు పట్టి ఉంచితే నొక్కుకునే వైపుని ఎముకే చూసుకుంటుందన్నది వాళ్ళ వాదన. ఆ ఆలోచననే ఈ సర్జరీకీ తెచ్చారు.

ఇక మీ ల్యాబ్ ఫలితాల సంగతి. మూడు స్క్రూల్లో ఏ అమరిక మేలు అన్నదానిమీద 1980ల చివరి నుంచీ పరీక్షలు జరుగుతున్నాయి. మూడూ పై అంచున వరసగా పెట్టడం కంటే రెండు పైన, ఒకటి వెనకగా కిందన, తలకిందులు చేసిన ఎల్ ఆకారంలో పెడితే దృఢత్వం ఎక్కువని చాలా పరీక్షల్లో వచ్చింది. కారణం మీకు కొత్తేమీ కాదు. ఒక్క మేకుకి తగిలించిన పటం తిరుగుతుంది. రెండో మేకు పక్కనే కొడితే పెద్ద ఉపయోగం ఉండదు, దూరంగా కొడితేనే నిలుస్తుంది. స్క్రూల సంఖ్య కన్నా వాటి మధ్య దూరం ముఖ్యం, ముఖ్యంగా కింది స్క్రూ ఎంత కిందకి ఉందన్నది. కానీ ఆ పై స్క్రూలకీ కింది స్క్రూకీ మధ్యే నరం పోతుంది. ల్యాబ్‌లో ఆ స్క్రూని ఎక్కడైనా పెట్టొచ్చు, మనిషిలో నరం ఎక్కడ చోటిస్తే అక్కడే. నరం కింద ఎముక పలచగా ఉంటే ఆ ఎల్ ఆకారం కాగితం మీదే మిగులుతుంది.

ఆ పరీక్షల్ని ఇంకొన్ని జాగ్రత్తలతో చదవండి. చాలావాటిలో పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన దవడలు, లేకపోతే గొర్రె దవడలు వాడతారు. (మేమూ పీజీలో మటన్ కొట్టు నుంచి తెచ్చిన దవడల మీదే డ్రిల్లు పట్టడం నేర్చుకున్నాం. గొర్రె ఎముక గట్టితనానికి చేయి అలవాటు పడితే మనిషి ఎముక మెత్తగా తోస్తుంది.) వెనక ముక్కని బిగించి, ముందు పళ్ళ మీదో దవడ పన్ను మీదో యంత్రంతో తోసి, ఇన్ని మిల్లీమీటర్లు కదలడానికి ఎన్ని న్యూటన్లు పట్టిందో రాస్తారు. ఒక్కసారి తోస్తారు, విరిగేదాకా. నోట్లో జరిగేది అది కాదు. ఆరోగ్యవంతుడు దవడ పళ్ళతో గట్టిగా కొరికితే కొన్ని వందల న్యూటన్ల బలం వస్తుంది, నిజమే. సర్జరీ అయిన మొదటి వారాల్లో ఆ బలం బాగా పడిపోతుంది. నొప్పి, వాపు, కోసి కుట్టిన కండరాలు, ఇన్నిటి మధ్య ఆమె గట్టిగా కొరకాలనుకున్నా కొరకలేదు. వచ్చేదల్లా చిన్న లోడు, కానీ రోజుకి వందలసార్లు. మింగినప్పుడు, మాట్లాడినప్పుడు, నిద్రలో పళ్ళు కలిసినప్పుడు. అంటే మీ భాషలో ఇది అల్టిమేట్ స్ట్రెంగ్త్ (విరిగేముందు తట్టుకునే గరిష్ఠ లోడు) సమస్య కన్నా ఎక్కువగా ఫెటీగ్ (చిన్న లోడు పదేపదే పడి అలసిపోవడం), లూజెనింగ్ (వదులవడం) సమస్య. కంప్యూటర్ మోడల్ మీద లోడు లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ పేపర్లలో అయితే స్క్రూకీ ఎముకకీ మధ్య పూర్తిగా అతుక్కుపోయినట్టు ఊహించుకున్నారో లేదో ముందు చూడండి. అలా ఊహిస్తే వచ్చే రంగురంగుల బొమ్మలు చూడముచ్చటగానే ఉంటాయి, కానీ స్క్రూ వదులవడం గురించి అవేమీ చెప్పవు.

ఆ వదులవడం ఎక్కడ మొదలవుతుందంటే టైటానియంలో కాదు, ఎముకలో. టైటానియం యంగ్స్ మాడ్యులస్, అంటే వంగకుండా నిలిచే గట్టితనం కొలత, సుమారు 110 గిగాపాస్కల్స్, దవడ గట్టి పొరది దాదాపు 10 నుంచి 20 మధ్య. స్క్రూ మర చుట్టూ ఉన్న సన్నటి ఎముక అంచే ఈ గొలుసులో బలహీనమైన లింకు. అది ఆపరేషన్ బల్ల మీదే చెడిపోవచ్చు, మూడు రకాలుగా.

మొదటిది వేడి. 47 డిగ్రీల సెల్సియస్ ఒక్క నిమిషం పాటు తగిలినా ఎముక దెబ్బతింటుందని 1983లో స్వీడన్‌లో ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్సన్ కుందేళ్ళలో చూపించారు. మొద్దుబారిన డ్రిల్లుతో, సెలైన్ పోయకుండా, బలంగా నొక్కి రంధ్రం తీస్తే ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. ఆ రోజు స్క్రూ గట్టిగానే పడుతుంది. చచ్చిన ఎముకని శరీరం కొద్ది వారాల్లో తినేశాక వదులవుతుంది. బుగ్గలోంచి గొట్టం పెట్టి డ్రిల్ చేసేటప్పుడు సెలైన్ చివరిదాకా చేరడం కొంచెం కష్టం, అందుకే అక్కడ నిదానంగా, ఆపి ఆపి చేయాలి.

రెండోది రంధ్రం సైజు. 2 మి.మీ. స్క్రూకి ఎక్కువ సిస్టమ్స్‌లో 1.5 మి.మీ. డ్రిల్లు ఉంటుంది. చేయి కాస్త ఊగితే రంధ్రం వెడల్పవుతుంది, మరలకి పట్టు ఉండదు. మూడోది అతిగా బిగించడం. స్క్రూ ఆగిన చోట ఇంకో పావు తిప్పు తిప్పితే ఎముకలో పడ్డ మర తెగిపోతుంది, స్క్రూ ఊరికే తిరుగుతుంటుంది. దీనికే ప్రతి సెట్‌లో కాస్త లావు ఎమర్జెన్సీ స్క్రూలు ఉంటాయి, 2.0 సిస్టమ్‌కి 2.3 మి.మీ. లాంటివి. తిరుగుతున్న స్క్రూని "పర్లేదులే" అని వదిలేయడం కన్నా, తీసి లావుది వేయడమో చోటు మార్చడమో చేయాలి. ఏ పద్ధతి అన్నదానికన్నా ఎవరి చేతిలో అన్నదే ముఖ్యమని మా వాళ్ళు అనడానికి సగం కారణం ఇవే.

మరి ప్లేటు ఎందుకు? మొదటిది, దాన్ని చాలాసార్లు పూర్తిగా నోట్లోంచే వేయొచ్చు. పొడవాటి స్క్రూలు ఎముకకి నిటారుగా పడాలంటే బుగ్గ మీద కొన్ని మిల్లీమీటర్ల చిన్న గాటు పెట్టాల్సి వస్తుంది. మచ్చ మామూలుగా కనిపించనంతగా మానిపోతుంది గానీ కొందరి చర్మం మొండిది. రెండోది, నా దృష్టిలో అసలైనది, ప్లేటుని ఎముక వంపుకి తగ్గట్టు వంచుకోవచ్చు. దవడ వంకరగా ఉన్నవాళ్ళలో ముందు ముక్క కొంచెం తిరుగుతుంది. ఒక పక్క ముక్కల మధ్య సందు వెనకగా తెరుచుకుంటుంది. అక్కడ పొడవాటి స్క్రూలు సందుని అలాగే పట్టలేక కాస్త లాగేస్తే వెనక ముక్క మెలిపడుతుంది. ప్లేటు ఆ సందుని అలాగే వదిలేసి బయటి ముఖాల్ని కలుపుతుంది. మూడోది, బల్ల మీదే బైట్, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, తప్పిందని తెలిస్తే ముందు వైపు రెండు స్క్రూలు తీసి సరిచేసి మళ్ళీ వేయడం తేలిక.

ప్లేటుకి ఉన్న లోపం కూడా చెప్పాలి. 8 మి.మీ. ముందుకు తెచ్చినప్పుడు బయటి కోత దగ్గర సుమారు అంతే ఖాళీ ఏర్పడుతుంది, ప్లేటు దానిమీద వంతెనలా పడుతుంది. ఖాళీ పెరిగేకొద్దీ ఆసరా లేని నిడివి పెరుగుతుంది, వంగడం పెరుగుతుంది, ముక్కలు ఆనుకునే వైశాల్యమేమో తగ్గుతుంది. 3, 4 మి.మీ. జరుపుడుకి నేను ఒక్క ప్లేటుతో నిశ్చింతగా ఉంటాను. 8 మి.మీ. అంటే ప్లేటు వెనక, పై అంచున ఒక పొడవాటి స్క్రూ కూడా కలపడం నా అలవాటు. దీన్ని హైబ్రిడ్ అంటారు, ల్యాబ్ పరీక్షల్లో ఇది ఒంటరి ప్లేటు కన్నా స్టిఫ్‌గా ఉంటుంది. రెండు ప్లేట్లు వేసేవాళ్ళూ ఉన్నారు. రెండో డాక్టరుని ఈ మాట అడగండి: "8 మి.మీ.కి ఒక్క ప్లేటే వేస్తారా, దాంతో పాటు స్క్రూ ఏమైనా కలుపుతారా?" ఆయన దగ్గర దీనికి జవాబు ఉండాలి. ఏ జవాబైనా కారణం చెప్పగలిగితే చాలు.

కొంచెం కదిలితే ఎముక అతకదేమో అని మీకు అనిపించొచ్చు. పెరెన్ స్ట్రెయిన్ సిద్ధాంతం చూడండి. స్ట్రెయిన్ అంటే ఇక్కడ సందు వెడల్పులో కదలిక ఎంత శాతమన్నది. ముక్కల మధ్య స్ట్రెయిన్ సుమారు 2 శాతం లోపు ఉంటే నేరుగా ఎముకే ఏర్పడుతుంది. దాదాపు 10 శాతం దాకా ఉంటే ముందు మెత్తటి కణజాలం ఏర్పడి తర్వాత ఎముకగా మారుతుంది. అంటే కాస్త కదలికని ఎముక భరిస్తుంది, దాని దారి దానికుంది. ఈ సర్జరీలో ముక్కలు వెడల్పుగా ఆనుకుని ఉంటాయి, దవడకి రక్తం సరఫరా బాగుంటుంది. అందుకే ఎముక అసలు అతకకపోవడం అరుదు. రెండు పద్ధతుల్లోనూ మనుషుల్లో ఫలితాలు పోల్చినప్పుడు దవడ నిలకడలో పెద్ద తేడా దొరకకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

ఇక అసలు భయపడాల్సిన చోటు: కాండైల్. ఫిక్సేషన్ వేసే క్షణంలో వెనక ముక్కని సర్జన్ చేత్తోనో పరికరంతోనో సరైన గుంటలో కూర్చోబెట్టి పట్టుకోవాలి. పేషెంట్ మత్తులో, కండరాలు సడలి, వెల్లకిలా పడుకుని ఉంటుంది. కాండైల్ ఒక్క మిల్లీమీటరు కిందకో ముందుకో జారి ఉండగా బిగించేశారనుకోండి. ఆపరేషన్ జరిగేంతసేపు పళ్ళు తీగలతో కట్టి ఉంటాయి, అప్పటిదాకా అంతా సరిగ్గా కనిపిస్తుంది. తీగలు విప్పగానే కాండైల్ తన చోటికి వెళ్తుంది, దానితో దవడంతా వెనక్కి వెళ్తుంది. ఇక్కడ ఫిక్సేషన్ ఎంత దృఢంగా ఉంటే ఆ తప్పుని అంత నమ్మకంగా అలాగే నిలబెడుతుంది. అందుకే బిగించాక తీగలు విప్పి, బల్ల మీదే దవడని మెల్లగా తెరిచి మూసి బైట్ చూస్తారు. తేడా ఉంటే అక్కడే తీసి మళ్ళీ వేస్తారు. అరగంట పోతుంది, అంతే.

ఇంకో ప్రమాదం నెలల తర్వాత వచ్చేది, కాండైల్ అరిగిపోవడం. వయసులో ఉన్న ఆడపిల్లలు, కింది దవడ చిన్నగా, ముఖం పొడుగ్గా, ముందు పళ్ళు కలవకుండా ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. ఎముక అతికాక కూడా కీలు పొట్టిదై దవడ వెనక్కి వెళ్తుంది. అప్పుడు స్క్రూలు వేసిన చోటే, వేసినట్టే ఉంటాయి. మీ చెల్లెలికి కీలు నొప్పి, టక్కుమనే శబ్దం, ఈ మధ్య బైట్ మారడం లాంటివి ఉంటే సర్జరీకి ముందే చెప్పండి, కీలు స్కాన్ అడగండి. ఏ స్క్రూ అన్న ప్రశ్న కన్నా ఇది పదిరెట్లు విలువైన ప్రశ్న. నార్త్ కరోలినాలో ప్రాఫిట్, టర్వీ, ఫిలిప్స్ 1996లో ఏ కదలిక ఎంత నిలకడైనదో ఒక వరస ఇచ్చారు, 2007లో దాన్ని సవరించారు. ముఖం పొడవు మామూలుగానో తక్కువగానో ఉండి, 10 మి.మీ. లోపు కింది దవడని ముందుకు తెస్తే అది బాగా నిలిచే కోవలోకే వస్తుంది. మీ చెల్లెలి 8 మి.మీ. ఆ హద్దు లోపలే ఉంది. ముఖం పొడుగైతే లెక్క మారుతుంది, అప్పుడు పై దవడని కూడా పైకి ఎత్తాలా అన్న చర్చ వస్తుంది.

జ్ఞాన దంతాలు ఉన్నాయా అని చూసుకోండి. కోత పోయేది సరిగ్గా అక్కడే. దంతం లోపల ఉండిపోతే స్క్రూలకి పట్టు దొరికే ఎముక తగ్గుతుంది, చీలిక అనుకోని దారిలో పోవచ్చు కూడా. చాలామంది ఆరు నెలల ముందే తీయించమంటారు. అదే రోజు తీసేవాళ్ళూ ఉన్నారు, అది కూడా తప్పు కాదు.

నమలడం గురించి. మొదటి ఆరు వారాలు ద్రవాలు, ఆ తర్వాత మెత్తటివి అని చెప్పే డాక్టర్లు కొందరు. రెండో వారం నుంచే మెత్తటివి మొదలెట్టించేవాళ్ళు కొందరు. మీ సర్జన్ చెప్పిందే పాటించండి. రాగి జావ, పప్పు కట్టు, మిక్సీలో తిప్పిన పెరుగన్నం, ఇలా గడిచిపోతుంది. జంతికలు, చెక్కలు, మటన్ ముక్క మాత్రం మూడు నెలల దాకా మరిచిపోమనండి. పళ్ళ క్లిప్పులకి వేసే రబ్బర్లు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అవి ఎముకని పట్టి ఉంచడానికి కావు, కండరాలు కొత్త బైట్‌కి అలవాటు పడటానికి. భోజనానికి తీసి మళ్ళీ పెట్టుకోవడం మానేస్తే బైట్ పక్కకి జరగడం మొదలవుతుంది. నిన్నటిదాకా కలిసిన పళ్ళు ఇవాళ కలవకపోతే, లేదా నోట్లో టక్కుమని ఏదో కదిలినట్టు అనిపిస్తే, రివ్యూ తేదీ దాకా ఆగకుండా ఆరోజే ఫోన్ చేయండి. మొదటి రెండు వారాల్లో పట్టుకుంటే సరిచేయడం తేలిక.

లోహం తీయించాలా అంటే, ఇబ్బంది పెట్టకపోతే అక్కర్లేదు. ఇన్ఫెక్షన్ వచ్చినా, స్క్రూ వదులై చిగురు కింద తగులుతున్నా, చలికి నొప్పి పెడుతోందని పేషెంట్ అడిగినా తీస్తాం. నోట్లోంచి వేసిన ప్లేటు తీయడం చిన్న పనే. బుగ్గలోంచి వేసిన పొడవాటి స్క్రూలు తీయడం ఇంకాస్త శ్రమ, అవి ఎముకలో మునిగిపోయి ఉంటే మరీను. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, ఎమ్మారై చేయించుకోవచ్చు. స్కాన్ బొమ్మలో ఆ చోటు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది కాబట్టి టెక్నీషియన్‌కి ముందే చెప్పమనండి. ఎయిర్‌పోర్టులో ఇంత కొంచెం లోహానికి మామూలుగా బీప్ రాదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఏ కంపెనీ సిస్టమ్, ఏ సైజు స్క్రూలు వేశారో రాయించుకుని దాచుకోండి. అయిదేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో ఎవరైనా తీయాల్సి వస్తే, ఆ స్క్రూ తలకి సరిపోయే స్క్రూడ్రైవర్ ఏదో ముందే తెలియడం చాలా పెద్ద సాయం.